ఓడ అడుగునున్న బరువు

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



మహానంది చుట్టుపట్ల పల్లెలలో సముద్రమును కన్నులార చూచినవారు కొద్దిమందియే. నల్లమల కొండలు, ఊటనీరు, అరటితోటలు, వానకై ఎదురుచూచు మెట్టచేలు, ఇవే మనము బాగుగా ఎరిగినవి. అయినను నంద్యాల మీదుగా పోవు మన కర్నూలు–కడప కాలువను 1860లలో త్రవ్వించినవారు పైరులకు నీరిచ్చుటకే గాక పడవలు నడుపుటకును ఉద్దేశించిరి. నేడు దానిలో సరకుల పడవలు లేవు. పడవ పోయినను నీరు పోలేదు. చేలు ఇంకను ఆ నీటివలననే పండుచున్నవి. ఈ మాటను మనస్సున ఉంచుకొనుడి.

నేడు మన సంఘములలో ఒక తగవు వినబడుచున్నది. పాతది మేలా, క్రొత్తది మేలా? పెద్దలకు పాత కీర్తనలు, తాళములు కావలెను. యౌవనులకు కీబోర్డు, క్రొత్త పాటలు, ఫోనులో బైబిలు కావలెను. ఈ తగవువలన ఒకే ఇంటి తండ్రియు కుమారుడును ఆదివారమున వేరువేరు మందిరములకు పోవుట మనము చూచుచున్నాము. ఇది చిన్న సంగతి కాదు. కనుక ఒక పాత తెరచాప పడవను, ఒక క్రొత్త తెరచాప పడవను ప్రక్కప్రక్కన నిలిపి, అవి మనకేమి నేర్పునో చూతము.

పాత పడవ పేరు స్ప్రే. అది అమెరికాలో ఒక పొలములో కప్పబడి పాడుపడియుండగా, జాషువా స్లోకమ్ అను నావికుడు 13 నెలలు శ్రమపడి క్రొత్త కలపతో దానిని మరల కట్టెను. దాని పొడవు 36 అడుగుల 9 అంగుళములు. అతడు 1895 ఏప్రిల్ 24న బోస్టను రేవు విడిచి, 1898 జూన్ 27న తిరిగి స్వదేశము చేరెను. ఒంటరిగా ఓడలో భూమిని చుట్టివచ్చిన మొదటి మనుష్యుడు అతడే. వేళ తెలిసికొనుటకు అతని యొద్ద ఉండినది ముఖము పగిలిన ఒక రేకు గడియారము.

క్రొత్త పడవ పేరు తారిణి. మన నౌకాదళము కొరకు గోవాలో కట్టబడి, 2017 ఫిబ్రవరిలో సేవలో చేరెను. ఆ సెప్టెంబరు 10న ఆరుగురు స్త్రీలు దానిలో బయలుదేరి, భూమిని చుట్టి, 254 దినములకు, అనగా 2018 మే 21న, గోవాకు తిరిగి వచ్చిరి. నాయకురాలు వర్తికా జోషి. విశాఖపట్నపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య అను మన తెలుగు ఆడబిడ్డలిద్దరు వారిలో నుండిరి. ఉపగ్రహముల సాయముతో దారి తెలిసికొను సాధనములు వారికుండెను.

చదువరీ, ఈ రెంటిలో ఏది మేలైనది? తొందరపడి చెప్పకుము. స్ప్రే అడుగున పొడవైన వెన్నుదూలముండెను. చుక్కానిని కట్టివేసినను అది దారి తప్పక పోవుచుండెను. హిందూ మహాసముద్రములో 23 దినములు సాగిన ఒక ప్రయాణములో స్లోకమ్ చుక్కాని పట్టినది మొత్తము మూడు గంటలకు మించలేదు. ఇప్పటి పడవలు దానికంటె వేగముగా పోవును, సులువుగా తిరుగును; కాని చుక్కానియొద్ద చేయియైనను యంత్రమైనను ఎల్లప్పుడు ఉండవలెను. పాతదానికి నిలకడ, క్రొత్తదానికి చురుకుదనము. అయితే పాతదైనంత మాత్రమున భద్రము లేదు: 1909 ప్రాంతమున స్లోకమ్ అదే స్ప్రేలో మరల బయలుదేరి, పడవతో కూడ కనబడకుండ పోయెను. క్రొత్తదైనంత మాత్రమునను భద్రము లేదు: తారిణి చుక్కాని యంత్రము చెడిపోగా, 2018లో వారు అనుకొనని విధముగా మారిషసు రేవున ఆగవలసివచ్చెను.

అయితే రెంటికిని సమానమైన సంగతులు రెండు కలవు. మొదటిది, గాలి. గాలి లేనిదే తెరచాప పాతదైనను క్రొత్తదైనను వట్టి గుడ్డయే. గాలిని చేయు నావికుడు ఎవడును లేడు. ఆత్మను గూర్చి ప్రభువు నీకొదేముతో ఈ పోలికనే చెప్పెను గదా. రెండవది, అడుగు బరువు. స్ప్రే కడుపులో సిమెంటు బరువు బిగించియుండెను. ఇప్పటి పడవలకు నీటి క్రింద దిగిన వెన్నుదూలమున లోహపు బరువుండును. రేవున నిలిచి చూచువారికి తెరచాపయే కనబడును. ఆ బరువు కనబడదు. కాని గాలి ఓడను ప్రక్కకు పడద్రోయునప్పుడు దానిని మరల నిలువబెట్టునది ఆ కనబడని బరువే.

ఇప్పుడు పౌలు ఎక్కిన ఓడను తలంచుకొనుడి. తుపానులో వారు సరకులను సముద్రములో పారవేసిరి, తుదకు గోధుమలను సహితము పారవేసిరి. ఓడ బద్దలాయెను, అయినను 276 మందియు దరి చేరిరి. సరకు వేరు, అడుగు బరువు వేరు. సమయము వచ్చినప్పుడు సరకును విడువవచ్చును. తాళమైనను కీబోర్డైనను, అచ్చు పుస్తకమైనను ఫోనైనను, అది సరకే. పశ్చాత్తాపము, రహస్య ప్రార్థన, హృదయములో దాచుకొన్న వాక్యము, సహోదరుని క్షమించుట, ఇవి అడుగు బరువు.

చదువు రాని మన అవ్వలు అనేకులు వాక్యములను కంఠస్థము చేసిరి. పంట ఎండి అప్పు మిగిలిన యేట, బిడ్డ జబ్బుపడిన రాత్రి, ఆ వాక్యము వారిని నిలిపెను. యౌవనుడా, నీ ఫోనులో బైబిలంతయు ఉన్నది, మంచిదే. నీ లోపల ఎంత ఉన్నది? పెద్దవాడా, పాత కీర్తనను ఒక్క మాట తప్పక పాడుచున్నావు, మంచిదే. గట్టు తగవు పెట్టుకొని నీ తమ్మునితో పలుకక ఎన్ని ఏండ్లాయెను? సరకును కాపాడుకొని బరువును పారవేసిన ఓడ ఎట్లు నిలుచును?

కావున వచ్చు ఆదివారమున ఒక పని చేయుడి. పెద్దవాడు ఒక చిన్నవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక పాత కీర్తన నేర్పవలెను. ఆ చిన్నవాడు చూపు తగ్గిన ఆ పెద్దవానికి తన ఫోనులో ఒక అధ్యాయము చదివి వినిపించవలెను. పిమ్మట ఇద్దరును కలిసి మోకరించవలెను.

ప్రభువా, మా తెరచాపలను గూర్చి మేము పోట్లాడకుండునట్లు, నీ గాలి కొరకు కనిపెట్టుకొనునట్లు, మా అడుగున నీ వాక్యపు బరువు నింపుము. ఆమేన్.