కాయకమునకు మరలిన దేహము



వీరశైవమున దేహమునకు గల స్థానము గొప్పది. దేవుని దర్శించుటకు లోకులు గుడికి పోవుదురు. లింగధారికి దేహమే గుడి. ఇష్టలింగము ఈ దేహముమీదనే నిలుచును. ఈ కరతలముననే పూజలందుకొనును. బసవేశ్వరుడు దేహమును తుచ్ఛమని తోసివేయలేదు. దానిని అలంకరించుకొని మురియుమనియు చెప్పలేదు. కాయకము చేయుటకును, దాసోహము నడపుటకును ఇది శివుడిచ్చిన సాధనమని బోధించెను. కాయకమను మాటలోనే కాయమున్నది. కాయము లేక కాయకము లేదు.

అట్టి కాయమునకే పెనువ్యాధి సోకినపుడు భక్తుడేమి చేయవలయును? కాయకము నిలిచిపోయిననాడు భక్తియు నిలిచిపోవునా? ఈ ప్రశ్న నేడు మన ఇండ్లలో పెక్కుచోట్ల నోరెత్తక కూర్చున్నది.

దేహసాధన యననేమో ఆమదాలవలస వారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఊసవానిపేట ఆడుబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోల బరువెత్తి కంచు పతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఆ బలము ఒకనాటిది కాదు. ఏండ్ల తరబడి దినదినము ఎత్తి దించిన ఇనుము ఆనాడు ఆ చేతులలో నిలిచెను. అట్లు కూడబెట్టిన బలమంతయు ఒక్క వ్యాధితో కరిగిపోయినచో ఆటగాని గతి యేమి?

అట్లు పోగొట్టుకొని మరల ఆటస్థలమునకు వచ్చినవాడు క్రికెట్టు ఆటగాడు యువరాజ్ సింగ్. ఆయన లింగధారి కాడు; సిక్కు కుటుంబమున పుట్టినవాడు. అయినను మంచి యెక్కడ కనబడిన నక్కడ గ్రహించుట శరణుల మార్గము. పైగా ఆ కథలో ఒక ఘట్టము మన పొరుగున విశాఖపట్టణమునకు చెందినది.

2011 ప్రపంచ కప్పు పోటీలలో యువరాజ్ 362 పరుగులు చేసి, 15 వికెట్లు తీసి, పోటీలన్నింటికిని ఉత్తమ క్రీడాకారుడుగ ఎన్నికయ్యెను. దేశమంతయు పండుగ చేసికొనుచుండగా, ఆ దేహములో రెండు ఊపిరితిత్తుల నడుమ కణితి పెరుగుచుండెను. ఆ పోటీల దినములలోనే దగ్గుతో నెత్తురు పడెడిదని తరువాత ఆయనయే చెప్పుకొనెను. ఆట మానలేదు. లోకము దానిని వీరత్వమని మెచ్చుకొన్నది. కాని శరణదృష్టితో చూచినచో ఇందొక హెచ్చరిక గలదు. దేహాలయములో గోడ బీటవారుచుండగా పూజారి చూడనట్లుండుట భక్తి కాదు, వైరాగ్యమును కాదు. ఆ వ్యాధి సెమినోమా యను క్యాన్సరు జాతిదని తేలి, 2012 ఆరంభమున అమెరికాలో చికిత్స జరిగినది. మార్చి నెలలో మూడవ విడత కీమోథెరపీ ముగిసినది. ఏప్రిల్‌లో ఆయన స్వదేశమునకు మరలెను.

ఆ మందు పనిచేయు తీరు తెలిసికొనదగినది. త్వరత్వరగ విభజన చెందు కణములను అది చంపును. క్యాన్సరు కణములు అట్టివే. కాని వెండ్రుకల కుదుళ్లు, జీర్ణకోశపు లోపలి పొర, ఎముక మూలుగలో రక్తము పుట్టించు కణములు కూడ అట్టివే. కావున రోగితో పాటు దేహములోని నిరపరాధులకును దెబ్బ తగులును. జుట్టు రాలును, అన్నము సయించదు, నాలుగడుగులు వేసిన ఆయాసము వచ్చును. చికిత్స ముగిసినను అలసట నెలల తరబడి విడువకపోవచ్చును. వేలమంది యెదుట పరుగెత్తిన కాళ్లు పెరటి దాక నడచుట నేర్చుకొనవలసి వచ్చును.

అక్కడినుండి ఆయన సాధన మొదలుపెట్టెను. 2012 సెప్టెంబరు 8న న్యూజిలాండుతో విశాఖపట్టణమున జరుగవలసిన ఆటకు జట్టులో చేరెను. ఆనాడు వాన కురిసినది. ఒక్క బంతియు పడకుండనే ఆట రద్దయ్యెను. మృత్యువు వాకిట నిలిచి మరలివచ్చినవానికి ఒక వాన ఏపాటి? మూడునాళ్ల తరువాత, సెప్టెంబరు 11న చెన్నపట్టణమున ఆయన బరిలోనికి దిగి 26 బంతులలో 34 పరుగులు చేసెను. జట్టు మాత్రము ఒక్క పరుగు తేడాతో ఓడెను.

శరణులారా! ఈ ఓటమిని మరువరాదు. మరలివచ్చిననాడు విజయము కాచుకొని యుండవలెనని నియమము లేదు. ఫలము చేతికందిననే కాయకమని బసవేశ్వరుడు చెప్పలేదు. నిర్మలమైన మనస్సుతో చేసిన పని చేయుచుండగనే శివార్పితము. తరువాతి యేండ్లలో యువరాజునకు పలుమార్లు జట్టులో చోటు పోయినది, పలుమార్లు వచ్చినది. 2017 జనవరి 19న కటకమున ఇంగ్లండుపై 150 పరుగులు చేసెను. ఒకనాటి పోటీలలో ఆయన చేసిన అత్యధిక సంఖ్య అదియే. 2019 జూన్ 10న ఆటనుండి విరమించెను. తన పేర నెలకొల్పిన సంస్థ ద్వారా క్యాన్సరును ముందుగ గుర్తించు శిబిరములకు తోడ్పడుచున్నాడు. కాయకమునుండి దాసోహము పుట్టుట యనగా ఇట్టిదే.

కల్యాణపట్టణపు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మన యిండ్లలో పిల్లలకును తెలిసినదే. నేలరాలిన బియ్యపుగింజలు ఏరుకొనుట వారి కాయకము. ఒకనాడు మారయ్య శివానుభవగోష్ఠిలో మునిగి పని మరచెను. కాయకము నిలిచినదని లక్కమ్మ మెత్తగ గుర్తుచేసి పంపెను. మరియొకనాడు అతడు అవసరమునకు మించి బియ్యము తెచ్చెను. అధికమును మరల అక్కడనే చల్లి రమ్మని ఆమెయే పంపెను. వ్యాధినుండి లేచినవానికి లక్కమ్మ నేర్పు రెండు పాఠములును కావలయును. పనికి మరలవలయును, మితము దాటరాదు. వైద్యుడు పది అడుగులు నడువుమన్నచో పదియే నడువవలయును, రేపు పదునొకటి. దేహమును దండించి గెలుచుట కాదు, దానితో కలసి నడచుట సాధన.

ఇక మన యిండ్ల సంగతి. క్యాన్సరను మాట వినగానే తలుపులు మూసికొనువారున్నారు. సంబంధములు చెడునని దాచుదురు. ముఖ్యముగ స్త్రీలు రొమ్ములో గడ్డ కనబడినను, అకాలమున రక్తస్రావమైనను, సిగ్గుచే నెలలు గడుపుదురు. ఇది ఏమి న్యాయము? జనన మరణాది పంచసూతకములనే లింగధారికి లేవని చెప్పిన ధర్మము మనది. సూతకము లేని యింట వ్యాధికి మైల ఎక్కడినుండి వచ్చినది? అది శాపము కాదు, పూర్వపాపమని వ్రేలు చూపదగినది కాదు, అంటువ్యాధి కాదు. విభూతి నొసట నుండవలసినదే, పాదోదకము సేవింపవలసినదే. వాటిని సాకుగ చూపి మందు మానుట శివాపరాధము. అగనంపూడిలో హోమీభాభా క్యాన్సరు ఆసుపత్రి మనకు చేరువనే యున్నది. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలెక్కినవాడు పూటలో విశాఖ చేరగలడు. రోగికి తోడుగ ఆ రైలెక్కి, ఆసుపత్రి బల్లపై పగలెల్ల కూర్చుండుట కూడ జంగమదాసోహముతో సమానమైన సేవ. మన మఠములు ఈ తోడును ఏర్పరచినచో ఎన్ని ప్రాణములు నిలుచును!

ఒక మాట మరువకుడు. అందరును మరలిరారు. యువరాజునకు సోకిన జాతి వ్యాధి మందునకు లొంగునది. లొంగనివియు గలవు. మరలిరాలేనివాని భక్తి తక్కువదనిగాని, ధైర్యము చాలలేదనిగాని తలచుట క్రూరము. మంచము దిగలేకున్నను అతని ఎదపై లింగమున్నది. అతని ఊపిరియే అర్చన. నామస్మరణ చేసిన ఆ పెదవులది కూడ కాయకమే.

మరలివచ్చినవానిని మాత్రము జాలిచూపులతో మూల కూర్చుండబెట్టకుడు. నేతగానికి మగ్గము, రైతునకు పొలము, ఉపాధ్యాయునకు బడి, ఆటగానికి ఆటస్థలము మరల అప్పగింపుడు. అతనికి మనమీయగల ప్రసాదము అతని కాయకమే.