పొరలన్నీ దాచేస్తే విమానం ఎక్కడ?

ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పి-51 మస్టాంగ్ విమానాన్ని పక్కనుంచి గీశారనుకుందాం. అడుగున ఆకారం, దాని మీద అసలు రంగు, ఆపైన రేకుల అతుకులు, రివెట్లు, గుర్తులు, అన్నిటికీ పైన పొగ మరకలు. ఒక్కోటి ఒక్కో లేయర్. ఒక్కొక్కటే దాచుకుంటూ పోతే చివరికి ఖాళీ కాగితం మిగులుతుంది. ఏ లేయర్‌తో విమానం పోయినట్టు? మిళింద రాజును బౌద్ధ భిక్షువు నాగసేనుడు రథం గురించి అడిగింది ఇదే. ఇరుసు రథమా, చక్రం రథమా, నొగ రథమా? ఏదీ కాదు, భాగాలను ఆసరా చేసుకుని పెట్టుకున్న పేరే రథం అని చివరికి రాజే అన్నాడు, నాగసేనుడు సరేనన్నాడు. న్యాయదర్శనం వారు, అంటే నైయాయికులు, దీన్ని ఒప్పుకోలేదు. భాగాల్లో ఉంటూనే వాటికి వేరైన మొత్తం, అంటే అవయవి, ఒకటి లేకపోతే, వస్తువును ఒకచోట పట్టుకుని లాగితే మొత్తం ఎలా వస్తుందని నిలదీశారు.

లేయర్ల వరుస ఈ రెండు వాదాలనూ ఇరుకున పెడుతుంది. 1944 జూన్‌లో, నార్మండీ దాడికి ముందు, మిత్రరాజ్యాల విమానాల రెక్కలకూ మొండేనికీ నలుపు తెలుపు పట్టీలు హడావుడిగా పూశారు. బొమ్మలో ఆ లేయర్ అసలు రంగుకు పైన ఉండాలి. దాచేస్తే విమానం పోదు, మే నెలకు వెళ్తుంది. ఆ లేయర్‌ను అసలు రంగుకు కిందికి జరిపితే మాత్రం, ఒక్క గీతా చెరగకుండానే, పట్టీలు లేనట్టే. భాగాలన్నీ ఉన్నా చాలలేదన్నమాట, వరుస కుదరాలి. ఆ వరుస మరో లేయర్ కాదు, కాబట్టి నైయాయికుడి వేరే వస్తువు కాదు. మనం ఏ పేరు పెట్టినా తప్పు వరుస ఒప్పు కాదు, కాబట్టి ఉత్త పేరూ కాదు. కృష్ణాతీరాన ఒక కొండ ఎవరి పేరు మోస్తోందో ఆ బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు శూన్యమన్నది, నా చదువులో, దీన్నే: లేకపోవడాన్ని కాదు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉండటాన్ని.

వరుసను కల్పించేది చూసేవాడి కన్నేనని వాదించవచ్చు. కానీ పట్టీల రంగు పాత రంగు మీద పడింది విమానాశ్రయంలో, ఏ బొమ్మా లేనప్పుడు. బొమ్మ దాన్ని కనిపెట్టలేదు, అనుసరించింది. బొమ్మ బొమ్మే, దాని వెనక ఇంజిన్ లేదు కదా అనే ఆక్షేపణ ఇంకా బరువైనది. అయితే మస్టాంగ్ మొండెం వంపులను నార్త్ అమెరికన్ కంపెనీలో రాయ్ లైమింగ్ శాంకవ సమీకరణాలతో తేల్చాడు. అక్కడా రేకు కన్నా గణితమే ముందు. తేడా లేదనను. లోహంలో దూలం తీస్తే రెక్క కూలుతుంది, బొమ్మలో ఏదీ కూలదు. నైయాయికుడి పరీక్షే పెట్టి చూడండి: విడివిడిగా ఉన్న బొమ్మలో రెక్కను లాగితే రెక్కే వస్తుంది. గ్రూప్ చేశాక మొత్తం విమానం కదులుతుంది, బొమ్మలో కొత్తగా ఒక్క గీతా చేరకుండానే.