నడుం నిలబెట్టినవాళ్లు

ముంబయి పక్కన నేతపని ఊరు భివండీలో కాలాన్ని మీటర్లలో కొలుస్తారు. సాంచా అనే మరమగ్గం ఆడి బట్ట దిగితేనే కూలి. పోగు తెగి ఆగితే ఆగినంతసేపూ సంపాదనకు చిల్లే. పన్నెండేసి గంటల షిఫ్టు, పగటివాడు దిగంగానే రాత్రివాడు ఎక్కుతాడు. నిమిషం ఊరికే పోనివ్వని అలాంటి ఊళ్లో, ఒక మెస్సు వంటాయనకు నెలల తరబడి పడుకునే తీరికను జనం చందాలేసుకుని ఇచ్చారు. వాళ్లను తలచుకుంటే చేతులు వాటంతటవే దండానికి పైకి లేస్తాయి.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి బతకవచ్చిన పద్మశాలీల పేట, భివండీలోని పద్మనగర్. మగ్గాలున్న చోట మెస్సులూ ఉంటాయి. నెల ఖాతా మీద రెండు పూటలా తిండి. అందరూ కాకా అని పిలిచే ఆ వంటాయన ఏళ్ల తరబడి తెల్లారకముందే నిండు గుండిగ దించి, వంగి గంజి వార్చినవాడు. ఎంతమంది ఆకలి ఆ నడుం మీదుగా తీరిందో! చివరికి ఆ నడుం దగ్గరే ఒక పూస ముందుకు జారింది, నరం నలిగింది. ఎడమకాలి చెప్పు దారిలో ఊడిపోయినా తెలియకుండా ఇంటిదాకా నడిచొచ్చిన రోజున గాని ఆయన ఆస్పత్రికి ఒప్పుకోలేదు.

ఆపరేషన్ ముంబయిలో. కాగితాల కథ చెబితే తెల్లారుతుంది. రాత్రి షిఫ్టు దిగి, కల్యాణ్ పోయి లోకల్ పట్టుకుని, రేషన్ కార్డు చేతబట్టుకుని, మన ఆరోగ్యశ్రీ వంటి మహాత్మా జ్యోతిరావు ఫూలే జన ఆరోగ్య యోజన కిటికీ ముందు నిలబడ్డ కుర్రాడికి ఒక దండం పెట్టి ముందుకు పోతాను.

వెన్నులో టైటానియం మరలు బిగించి, కడ్డీలతో కలిపి, ఎముక తునకలు పేర్చి కుట్టేశారు. వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. 1911లో న్యూయార్క్‌లో రసెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే సర్జన్లు ఎవరి దారిన వారు పూసలను అతికించడం మొదలుపెట్టినప్పుడు రోగి వారాల తరబడి కదలకుండా పడి ఉండాల్సి వచ్చేది. కాకాను మర్నాడే నిలబెట్టారు. అయితే మరలు చేసేది పట్టి ఉంచడమే, అతుక్కోవలసింది ఎముక. తెగిన పోగుకు నేతగాడు రెప్పపాటులో ముడేస్తాడు. ఎముక తన ముడి తానే వేసుకుంటుంది, నెలల మీద, ఒక్కోసారి ఏడాది దాకా. దాన్ని తొందరపెట్టే సేటు ఇంకా పుట్టలేదు.

ఆ ముడి పడేదాకా కాపలా కాయడమే అసలు చాకిరీ. పక్కకు తిప్పడం చూడండి. నడుం కింద మడతపెట్టిన దుప్పటి, మోకాళ్ల మధ్య దిండు. తిప్పే ఇద్దరూ ఒకే వైపు. ఒకరి చేతులు భుజం మీద, వీపు మీద, ఇంకొకరివి తుంటి మీద, మోకాలి దగ్గర. నూలు బీములు మోసి కాయలు కాసిన చేతులవి. "బిగవట్టకు కాకా, మేం తిప్పుతం." ఒకటి, రెండు, మూడు! భుజం, తుంటి, మోకాలు ఒక్కసారే తిరగాలి, మధ్యలో మెలి పడకూడదు. లేపడమూ అంతే. పక్కకు తిరిగాక కాళ్లు కిందికి దించి, మోచేత్తో నెట్టుకుని పైకి. కళ్లు తిరుగుతాయి కనుక కాసేపు మంచం అంచున కూర్చోబెట్టి, బెల్టు బిగించి, అప్పుడు నిలబెట్టాలి.

ఎడమ పాదం నేలను వెతుక్కుంటూ దిగింది. "సల్లగ తగులుతంది రా," అన్నాడు కాకా. గచ్చు చల్లదనం ఒక ఇంట్లో పండగ కావడం నేనప్పుడే చూశాను.

వెల్లూరు డాక్టరు మేరీ వర్గీస్ గుర్తొచ్చింది. 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, కాళ్లు చచ్చుబడ్డాక కూడా చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసిందామె. పరాయి దేశంలో చదివొచ్చి, మనిషిని మళ్లీ బతుకులో నిలబెట్టే విద్యకు వెల్లూరులో ఒక విభాగాన్నే నడిపింది. పద్మనగర్ కుర్రాళ్లు ఆ పేరు విని ఉండరు. ఆ విద్యలో వాళ్లు చేయితిరిగినవాళ్లే.

కింద కూర్చోలేడు కదా, ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కోసి దొడ్లో పెట్టారు. పై గదిలో ఉండే మంచం కిందికి వచ్చింది. బీడీ పొగ ఎముకను అతకనివ్వదని డాక్టరు చెప్పాడని కాకా బీడీ కట్ట దాచేశారు. అంతటితో ఆగక, ఆ గడప లోపల ఎవడూ వెలిగించలేదు. (ఇది చందా కన్నా పెద్ద త్యాగమని నా అభిప్రాయం. సాంచాల మోతలో రాత్రంతా మేలుకునేవాడికి బీడీ అంటే ఏమిటో వాడినే అడగండి.) సాయంత్రాలు వరాళదేవి చెరువు వైపు నడక; ఆటో ఎక్కనివ్వలేదు, ఆ గుంతల రోడ్ల మీద మంచి నడుమే మిగలదు.

ఇంతా ఉండి జీతం లేకపోతే ఏ కూలీ అయినా మూడోవారానికే గుండిగ దగ్గరకు పరుగెత్తేవాడు. ఆకలి అతకనివ్వదు. అందుకే మెస్సు ఖాతా పుస్తకంలో ప్రతివాడి పేరు కింద నెలనెలా కాకా పేరున కొంత చేరింది. యజమాని జీతం ఆపలేదు. అడ్డం తిరిగినవాడు ఒక్కడూ లేడనను, ఒకరిద్దరు గొణిగారు, గొణుగుతూనే ఇచ్చారు.

బరువెత్తొద్దని డాక్టరు చెప్పిన మాట మెస్సును కూడా మార్చింది. పొయ్యి గద్దె నడుమెత్తుకు లేచింది. ఒక్క పెద్ద గుండిగ పోయి రెండు చిన్నవి వచ్చాయి, దించేటప్పుడు ఇద్దరు పట్టాల్సిందే. జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడికి గుండిగ మీదికి వంగే పనే లేదు. వాడి పక్కనే ఎత్తు స్టూలు మీద బెల్టు కట్టుకుని కూర్చున్న కాకా, తాలింపు మాడ్చావని వాణ్ని తిడుతూనే ఉన్నాడు.