పెద్ద లెక్కకు తొందరపడకమ్మా

అమ్మలూ,

మొన్న ఫోన్లో నీ గొంతులో దిగులు వినపడింది. రీమాన్ పరికల్పన మీద పనిచేయాలని పీహెచ్‌డీలో చేరితే, గైడు ఎవరికీ పట్టని చిన్న అంశం చేతిలో పెట్టారన్నావు. ఇలాగైతే వయసంతా చిల్లర పనికే పోతుందన్నావు. పెద్ద లెక్క మీద ఆశ పెట్టుకోవడం తప్పని నేను అనను తల్లీ. ఆ ఆశ లేనివాళ్లు ఈ దారికి రాకపోవడమే మేలు. కానీ ఆ లెక్కను ఎదురుగా పెట్టుకుని కూర్చుంటేనే దాని మీద పనిచేసినట్టని నువ్వు అనుకుంటున్నావు. అక్కడే నీతో నాకు పేచీ.

ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించిన ఆండ్రూ వైల్స్ పేరు నీకు కొత్త కాదు. అందరూ అతను ఇంటి పై గదిలో ఒంటరిగా గడిపిన ఏడేళ్ల గురించే చెప్పుకుంటారు. నువ్వు మాత్రం వాటికి ముందు గడిచిన పదేళ్లు చూడు.

1963లో, పదేళ్ల వయసులో, కేంబ్రిడ్జ్‌లో బడి నుంచి ఇంటికి వచ్చే దారిలోని లైబ్రరీలో అతనికి ఫెర్మా చివరి సిద్ధాంతం కనపడింది. రెండు వర్గాలు కలిస్తే ఇంకో వర్గం రావచ్చు. 9, 16 కలిస్తే 25. రెండు ఘనాలు కలిస్తే మాత్రం ఘనం రాదు, ఆపైన ఏ ఘాతానికీ అది కుదరదు. 1637 ప్రాంతంలో ఫెర్మా ఇంత మాట అనేసి నిరూపణ రాయకుండా పోయాడు. పిల్లవాడికి ప్రశ్న అర్థమైంది, జవాబు మాత్రం మూడు వందల ఏళ్లుగా ఎవరికీ దొరకలేదు. అప్పటినుంచి అది అతన్ని వదల్లేదు.

1975లో పరిశోధనకు చేరినప్పుడు అతను ఫెర్మాను పక్కన పెట్టాడు. గైడు జాన్ కోట్స్ ఎలిప్టిక్ వక్రాల మీద పని ఇచ్చారు, ఇవసావా సిద్ధాంతంలోకి దింపారు. అతను దాన్ని మనసు పెట్టి చేశాడు. 1977లో కోట్స్‌తో కలిసి నిరూపించిన సిద్ధాంతం ఇప్పటికీ వాళ్లిద్దరి పేరుతోనే నడుస్తోంది. 1984లో బ్యారీ మేజర్‌తో కలిసి ఇవసావా సిద్ధాంతంలోని ప్రధాన పరికల్పనను సాధించాడు. వీటిలో ఏదీ ఫెర్మా కోసం చేసింది కాదు. నారుమడిలో గడిపిన రోజుల్ని ఏ రైతూ దండగ అనడు. అతని విషయంలో అయితే, ఏ పొలం కోసం నారు పోస్తున్నాడో అతనికే తెలియదు.

ఆ 1984లోనే గెర్హార్డ్ ఫ్రే ఒక విచిత్రమైన మాట చెప్పాడు. ఫెర్మా మాట తప్పయితే దాన్నుంచి ఒక వింత ఎలిప్టిక్ వక్రం పుడుతుంది, తనియామా, షిమురా పరికల్పన ప్రకారం అలాంటి వక్రం ఉండడానికే వీల్లేదు. 1986లో కెన్ రిబెట్ ఆ లంకెను నిరూపించాడు. అంటే ఆ పరికల్పనను నిరూపిస్తే ఫెర్మా మాటా రుజువైనట్టే, చిన్నప్పటి లెక్క ఇప్పుడు ఎలిప్టిక్ వక్రాల లెక్కయింది. ఆ కబురు గణిత ప్రపంచమంతా విన్నది. తనియామా, షిమురా పరికల్పన ఇప్పట్లో ఎవరికీ లొంగదని చాలామంది ఊరుకున్నారు, కోట్స్‌కు కూడా నమ్మకం లేదు. వైల్స్ మాత్రం దాన్ని నిరూపించే పనిలో దిగాడు. దిగినా వెంటనే నిరూపణకు పోలేదు, ఏడాదికి పైగా ఆ రంగంలో అంతవరకూ వచ్చిన పద్ధతులన్నీ చదువుతూ కూర్చున్నాడు.

ఒంటరిగా పనిచేసిన ఆ ఏడేళ్లలో అతను పాటించిన గోప్యతను మాత్రం నువ్వు అనుకరించకు. అప్పటికి అతను ప్రిన్‌స్టన్‌లో ప్రొఫెసరు, జీతానికి లోటు లేదు. నీ ఫెలోషిప్‌కు గడువుంది.

1993 జూన్ 23న నిరూపణ పూర్తయిందని ప్రకటించాడు. కొన్ని వారాలకే అందులో లోపం బయటపడింది. దాంతో దాదాపు ఏడాది పెనుగులాడాడు, మధ్యలో తన పాత విద్యార్థి రిచర్డ్ టేలర్‌ను తోడు పిలుచుకున్నాడు. 1994 సెప్టెంబర్ 19 ఉదయం అతనికి తట్టింది ఏమిటో తెలుసా? తాను పట్టుకున్న కొలివాగిన్, ఫ్లాక్ పద్ధతి ఒక్కటీ చాలదు. అంతకు ముందు విసిగి వదిలేసిన ఇవసావా సిద్ధాంతం ఒక్కటీ చాలదు. రెండూ కలిస్తే లోపం పూడుతుంది. అమ్మలూ, విద్యార్థిగా ఉన్నప్పుడు గైడు చేతిలో పెట్టిన పనే పందొమ్మిదేళ్ల తర్వాత అతన్ని ఆదుకుంది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అందరికీ ఇలా జరుగుతుందని నీకు ఆశ పెట్టను. రిబెట్ కబురు రాకపోయి ఉంటే వైల్స్‌కు ఫెర్మా దారి తెరుచుకునేది కాదేమో. అయినా కోట్స్‌తో చేసిన సిద్ధాంతం నిలిచేది, మేజర్‌తో చేసింది నిలిచేది. నువ్వు చూసుకోవాల్సింది ఇదే. పెద్ద లెక్క ఎప్పటికీ దగ్గరికి రాకపోయినా, చేసినందుకు తృప్తినిచ్చే పనిలో చెయ్యి తిరగనీ. మీ గైడు ఇచ్చిన అంశం అలాంటిదేనా అని ఆయన్నే అడుగు. ఇది ఎక్కడికి దారి తీస్తుందని వినయంగా అడిగితే ఏ మంచి గురువూ కోప్పడడు.

ఇంకో జాగ్రత్త. సిద్ధమవుతున్నాననే పేరుతో బతుకంతా పుస్తకాలు పోగేసేవాళ్లూ ఉంటారు. నేర్చుకున్నదాంతో చిన్నదో పెద్దదో ఒక లెమ్మా పూర్తిచేసి, ఇంకొకరు తప్పు పట్టడానికి వీలుగా రాసిచ్చేదాకా నేర్చుకున్నట్టు కాదు. రీమాన్‌కు విడిగా ఒక నోటుబుక్కు పెట్టు. కొత్త పద్ధతి చేతికి వచ్చినప్పుడల్లా తీసి, ఇది దాన్ని ఎక్కడైనా తాకుతుందా అని చూసి, తారీఖు వేసి రాసి మూసెయ్యి. తాకకపోయినా ఎందుకు తాకలేదో రాయి, తర్వాత అదే ఎక్కువ పనికొస్తుంది.

నీ రాతను వరస వరసా చదివి, ఇక్కడ నాకు అర్థం కాలేదని మొహమాటం లేకుండా చెప్పే మనిషిని ఒకరిని చూసుకో. వైల్స్‌కు నిక్ కాట్జ్ అలా దొరికాడు. నిరూపణలో లోపం బయటపడింది ఆయన వేసిన ప్రశ్నల వల్లే. మీ డిపార్ట్‌మెంటులో అలాంటివాళ్లు ఎవరున్నారో ఈ వారమే కనుక్కుని, ఇప్పుడు చేతిలో ఉన్న ఆ చిన్న అంశమే ముందు వాళ్లకు చూపించు.

మీ తాతయ్య