పెద్దవయస్సున శిష్యరికము

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 18:24–28



తాడేపల్లిగూడెములో రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942 ప్రాంతమున, బ్రిటిషువారు వేయించిన విమానాశ్రయపు రన్‌వే యొకటి కలదు. మీలో అనేకులు దానిని చూచియుందురు. యుద్ధము ముగిసినది, విమానములు వెళ్లిపోయినవి, దారి మాత్రము మిగిలినది. ఇప్పుడు తెల్లవారుజామున జనులు అక్కడ నడకకు వత్తురు.

గత క్రిస్మస్సు సెలవులలో మేమును, మా సంఘములో పుట్టిపెరిగిన ఒక సహోదరుడును ఆ దారిమీద నడచుచుంటిమి. ఆయన వయస్సు నలువది మూడు. అమెరికాలో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. నడచుచు నడచుచు ఆయన, "అయ్యగారూ, శనివారాలు నేను చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నానండి," అనెను.

మాకు నవ్వు వచ్చినది. "ఇప్పుడా? ఈ వయస్సులోనా?" అంటిమి.

ప్రియులారా, ఆ నవ్వు తప్పు. మన దేశములో విమానము నేర్చుకొనువానికి పదునారేండ్లు నిండగానే విద్యార్థి లైసెన్సు ఇత్తురు. సొంతముగా నడుపుకొను లైసెన్సునకు పదునేడేండ్లు నిండవలెను, కనీసము 40 గంటలు గాలిలో నేర్చుకొనవలెను. శరీరము ఆరోగ్యముగా నున్నదని వైద్యుడు ధ్రువపరచవలెను. అంతేగాని నలువది దాటినవాడు నేర్చుకొనకూడదని ఎవరును వ్రాయలేదు. ఇది ధనవంతుల పిల్లలకే తగిన విద్య యనియు తలంచవద్దు. హైదరాబాదు పాతబస్తీలో బేకరీ పనివాని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా మన ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలోనే నేర్చుకొని 2013లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందెను.

మొదట విమానము నడిపినవారు కూడ పసివారు కారు. రైటు సోదరులు ఒక బిషప్పుగారి కుమారులు. 1903 డిసెంబరు 17న వారి విమానము మొట్టమొదటిసారి 12 సెకనులు గాలిలో నిలిచి 120 అడుగుల దూరము పోయినది. అప్పటికి విల్బరునకు ముప్పదియారు, ఆర్విల్లునకు ముప్పదిరెండు ఏండ్లు. వారి తండ్రి మిల్టన్ రైటు 1878లో చిన్నపిల్లలైన తన కుమారులకు ఎగిరే బొమ్మయొకటి తెచ్చి యిచ్చెను. 1910 మే 25న, తన ఎనుబదియొకటవ ఏట, ఆ తండ్రి మొదటిసారి విమానమెక్కెను. నడిపినవాడు ఆర్విల్లు. నేలమీద కుమారునికి నడక నేర్పిన తండ్రి, గాలిలో ఆ కుమారుని చేతికి తన ప్రాణమును అప్పగించి కూర్చుండెను. భయపడి దింపుమని అడుగలేదు, ఇంకను పైకి తీసికొనిపొమ్మనెను. అట్టి ముసలితనము మనకు కలుగునుగాక.

ఇక మన వాక్యభాగమునకు వత్తము. అపొల్లో అలెక్సంద్రియవాడు. లేఖనములయందు ప్రవీణుడు, మాటకారి, ఉత్సాహవంతుడు. ఎఫెసు సమాజమందిరములో ధైర్యముగా బోధించుచుండెను. అయితే అతడు యోహాను బాప్తిస్మము మట్టుకే యెరిగినవాడు. ఆ బోధ వినినవారిలో అకుల, ప్రిస్కిల్ల యను దంపతులుండిరి. వారి వృత్తి డేరాలు కుట్టుట. వారు ఆయనను సభలో ఎదిరించి సిగ్గుపరచలేదు. తమయొద్దకు చేర్చుకొని దేవుని మార్గమును మరి పూర్తిగా విశదపరచిరి. ఒక మహాపండితుడు సూదిదారము పట్టినవారి యెదుట కూర్చుండి నేర్చుకొనెను! మా మనస్సునకు అపొల్లో వాగ్ధాటికంటె ఆ కూర్చుండుటయే గొప్పదిగా తోచుచున్నది.

మన సహోదరుడు చెప్పినదియు ఇటువంటిదే. ఆయనకు ఆఫీసులో పదిమంది పైన అధికారము కలదు. విమానములో ఆయనకు నేర్పు గురువునకు ఇరువది రెండేండ్లు. ఆ చిన్న విమానములో రెండే ఆసనములు. ప్రక్కప్రక్కన కూర్చుందురు. నడుపు పరికరములు ఇద్దరి యెదుటను ఉండును. శిష్యుడు తప్పు చేసినయెడల గురువు సరిదిద్దగలడు. "విమానము నా చేతిలోనున్నది" అని గురువు చెప్పిన క్షణమున శిష్యుడు చేయి తీసివేయవలెను. అచ్చట వాదన లేదు, వయస్సు లెక్క లేదు. "మొదటి నెలంతా నాకు కష్టమైంది విమానంతో కాదండి, ఆ కుర్రాడు చెప్తే వినడంతో," అని ఆయన ఒప్పుకొనెను.

తరువాత ఆయన చెప్పిన సంగతియే నేటి మన పాఠము. జాగ్రత్తగా వినుడి.

మీరు బస్సులో పోవుచు కిటికీ ప్రక్కన కూర్చుండి అరచేయి గాలికి పట్టియుందురు. చేయి కొంచెము వాల్చి పట్టిన గాలి దానిని పైకి లేపును. మరి ఎక్కువగా నిలువుగా ఎత్తిన లేపదు, వెనుకకు నెట్టును. విమానపు రెక్కయు అంతే. గాలికెదురుగా రెక్కను కొంతవరకు ఎత్తిన విమానము లేచును. సుమారు పదునైదు డిగ్రీలు దాటి ఎత్తిన రెక్కపైని గాలి పట్టు వదలును, విమానము క్రుంగును. దీనిని వారు స్టాల్ అందురు. అప్పుడు ఇంజను ఆగిపోదు, తిరుగుచునే యుండును. శబ్దము యథాప్రకారమే వినబడును. కాని విమానము ఎగురుట మానివేసి పడుచుండును.

పడుచున్నామని తెలిసినప్పుడు మనిషి ఏమి చేయును? ముక్కును పైకి లాగవలెనని చూచును. భూమి మీదికి వచ్చుచుండగా పైకి లాగుటయే సహజము. అయితే లాగినకొలది ఇంకను పడును. తప్పించుకొను మార్గమొక్కటే: ముందు ముక్కును దించవలెను. దించినప్పుడు గాలి మరల రెక్కను పట్టుకొనును, అప్పుడు మెల్లగా పైకి లేవవచ్చును. ఎత్తుగా ఎగురుచుండగానే గురువు కావలెనని విమానమును స్టాల్ చేయించి, శిష్యునిచేత మరల మరల ఇది అభ్యాసము చేయించును.

"పడిపోతున్నామని తెలియగానే నా చేతులు వెనక్కే లాగాయండి," అని మన సహోదరుడు చెప్పెను. "ముక్కు దించు, ముక్కు దించు అని ఆ కుర్రాడు పక్కనుంచి అరుస్తూనే ఉన్నాడు. వినబడుతూనే ఉంది. చేతులు మాట వినలేదు."

ఇది క్రొత్తవారికి మాత్రమే కలుగు శోధన కాదు. 2009 జూన్ 1న రియో డి జనీరో నుండి పారిస్ నగరమునకు పోవుచున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానము అట్లాంటిక్ మహాసముద్రములో పడి, అందున్న 228 మందియు మరణించిరి. వేగమును కొలుచు గొట్టములు మంచుతో మూసికొనిపోగా, ఆటోపైలట్ తొలగిపోయెను. చీకటిలో ఆ కలవరమున విమానపు ముక్కు పైకెత్తబడి స్టాల్ కలిగెను. హెచ్చరిక ధ్వని మరల మరల మ్రోగినది. సముద్రమును తాకువరకు సుమారు నాలుగు నిమిషములు గడచినను, చేయవలసిన ఆ ఒక్క పని, ముక్కును దించి నిలుపుట, జరుగలేదు. వారు నేర్చినవారే. వారిని నిందించుటకు మేము వ్రాయుట లేదు. ఆ స్థానములో నున్న మనమైతే అంతకంటె మేలుగా చేసియుందుమని ఎవరు చెప్పగలరు? హెచ్చరిక చెవిలో మ్రోగుచున్నను మనిషి చేయి పైకే లాగునని తెలిసికొనుటకు వ్రాయుచున్నాము.

ఈ మాట విన్నప్పుడు రన్‌వే మీద మాకు అడుగు సాగలేదు. మా సంగతి మీకు చెప్పవలెను.

కొన్నియేండ్ల క్రిందట మా ఆదివారపు బడిలో ఒక యౌవనస్థుడు పిల్లలకు పాఠములు చెప్పుచుండెను. ఒకనాడు ఆరాధన ముగిసిన తరువాత, అందరు వెళ్లువరకు నిలిచి, మాతో నిదానముగా, "అయ్యగారూ, పంటపండుగ కానుకల లెక్క రెండేళ్ల నుంచి సంఘంలో చదివి వినిపించలేదండి. మనవాళ్లు బయట మాట్లాడుకుంటున్నారు," అనెను. అతడు అకులవలె నడుచుకొనెను, మేము అపొల్లోవలె నడుచుకొనలేదు. "నీ వయస్సెంత? నీ తండ్రి మాయెదుట కూర్చుండి మాటలాడడు," అంటిమి. అతడు మరల పలుకలేదు. మరుసటి ఆదివారము రాలేదు. పిల్లలు కొంతకాలము గుడి మెట్లమీద కనిపెట్టిరి, పిమ్మట చెరువుగట్టున ఆటలకు పోయిరి. మేము ప్రసంగములు చేయుచునే యుంటిమి. ఇంజను శబ్దము తగ్గలేదు, కాని ఎగురుట ఆగిపోయినదని మాకు తెలియలేదు.

క్రిస్మస్సు సెలవులు ముగిసిన వారమున ఏలూరులో కైకలూరు బస్సెక్కి కొల్లేటి ప్రాంతమునకు పోతిమి. ఆ యౌవనస్థుడు ఇప్పుడు అక్కడ చేపల చెరువులయొద్ద పనిచేయుచున్నాడు. ప్రొద్దున చలిలో గూడబాతులు చెట్లమీద ముడుచుకొని కూర్చుండియుండెను. అంత బరువైన పక్షి రెక్కలు కొట్టుకొనుచు అలసిపోదు. ఎండ కాగి వెచ్చని గాలి పైకి లేచువరకు కనిపెట్టుకొని, ఆ గాలిలో గుండ్రముగా తిరుగుచు, రెక్క కదల్చకయే పైకి పోవును. యెహోవాకొరకు ఎదురుచూచువారినిగూర్చి యెషయా నలువదియవ అధ్యాయములో వ్రాయబడినది మాకు బస్సు కిటికీలోనుండి కనబడెను.

అతడు దోనెలో నిలిచి, వెదురు గడలకు తవుడు సంచులు కట్టుచుండెను. మమ్మును చూచి గట్టుకు వచ్చెను. మేము దారిపొడుగున సిద్ధపరచుకొనిన మాటలు నోటికి రాలేదు. "తప్పు మాది. నీవు చెప్పినది నిజము," అని మాత్రము అంటిమి. అతడు కొంతసేపు తలవంచుకొని, "టీ తాగుతారా అయ్యగారూ?" అని అడిగెను.

తరువాతి ఆదివారము లెక్క చదివితిమి. డబ్బు పోలేదు గాని, రెండేండ్ల ధాన్యపు కానుకలలో కొన్ని బస్తాలు ఎక్కడను వ్రాయబడలేదు. అది మా నిర్లక్ష్యము. సంఘము యెదుట దానిని ఒప్పుకొంటిమి. మూడవ ఆదివారమున ఆ యౌవనస్థుడు వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను. బడి ఇంకను మొదలుపెట్టలేదు. మేమును తొందరపెట్టలేదు. ముక్కు దించిన వెంటనే విమానము లేవదు, ముందు గాలి పట్టు దొరకవలెను.

ప్రియులారా, మనలో ఎవరి ముక్కు పైకెత్తబడియున్నది? బైబిలు చదువ నేర్చుకొనవలెనని కోరికయుండియు మనుమరాలియొద్ద పలక పట్టుటకు సిగ్గుపడు అమ్మమ్మ మన సంఘములలో లేదా? కుమారుడు నేల పరీక్ష సంగతి చెప్పిన, కోడలు ఇంటి అప్పు సంగతి చెప్పిన, విసుగుకొను తండ్రి లేడా? గొడవ తెగిపోవుటకు ఒక్క మాట చాలియుండగా, ఆ మాట ముందు ఎదుటివాడే అనవలెనని పట్టుపట్టి పండుగలన్నియు వేరువేరుగా చేసికొను అన్నదమ్ములు లేరా? సిరియా సైన్యాధిపతియైన నయమాను చెరపట్టబడిన చిన్నదాని మాటను, తన దాసుల మాటను విని స్వస్థత పొందెను. ఆయన కోపముతో తిరిగిపోయిన యెడల కుష్ఠముతోనే తిరిగిపోయియుండును.

మన సహోదరునికి ఇంకొక దినము వచ్చినది. గురువు విమానము దిగి, తలుపు వేసి, ఒంటరిగా పోయి రమ్మనెను. ఒక మనిషి బరువు తగ్గుటచేత విమానము అనుకొనినదానికంటె త్వరగా నేల విడిచెను. ప్రక్క ఆసనము ఖాళీ. "కాని అయ్యగారూ, ఆ కుర్రాడు చెప్పిన ప్రతి మాట నా చెవిలో ఉంది," అని ఆయన చెప్పెను. మన ప్రభువును తన శిష్యులను ఆలాగుననే పంపెను. తాను చెప్పిన సంగతులన్నిటిని జ్ఞాపకము చేయు ఆదరణకర్తను వారికి వాగ్దానము చేసెను. వినినవానికే జ్ఞాపకము వచ్చును. విననివానికి ఖాళీ ఆసనము మాత్రము మిగులును.

అపొల్లో నేర్చుకొనిన తరువాత అకయకు పోయి విశ్వాసులకు బహుగా సహాయపడెను. తల వంచినందువలన ఆయన పరిచర్య తగ్గలేదు, విస్తరించెను.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము వయస్సునుబట్టియు పదవినిబట్టియు నీ హెచ్చరికను త్రోసివేసిన దినములను క్షమించుము. నీవు చిన్నవారి నోట పంపు మాటను వినుటకు మాకు చెవులిమ్ము. మావలన నొచ్చుకొని దూరమైనవారి గడపయొద్దకు ఈ వారమే మమ్మును నడిపించుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.