కొంగ ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుంది?



వరి మడిలో కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. పిల్లలు చూసి "ఎందుకలా నిలబడింది?" అని అడుగుతారు. మనమేం చెబుతాం? "తపస్సు చేస్తోంది" అంటాం. కాస్త లోకం తెలిసినవాళ్లయితే "తపస్సూ లేదు పాడూ లేదు, చేప కోసం దొంగ వేషం" అంటారు. కొంగ జపం అనే మాట అలా వచ్చిందే. మొదటి జవాబు కొంగను రుషిని చేసింది. రెండోది దొంగను చేసింది. పిల్లలు అడిగింది మాత్రం కారణం. మనం కారణం చెప్పకుండా దానికొక గుణం అంటగట్టి ఊరుకున్నాం.

ముందు కారణం చూద్దాం.

పక్షి ఒళ్లంతా ఈకలు. కాళ్లకు మాత్రం ఈకలుండవు, ఉన్నా పైభాగం వరకే. పొడవాటి కాళ్లున్న పక్షి నీళ్లలో నిలబడితే ఒంట్లో వేడి ఆ కాళ్లగుండా పోతుంది. అలా పోకుండా ఒక ఏర్పాటుంది. కాలి పైభాగంలో, కిందికి దిగే వెచ్చటి నెత్తురు నాళాలూ పైకొచ్చే చల్లటి నెత్తురు నాళాలూ పక్కపక్కనే ఉంటాయి. దిగేది తన వేడిని ఎక్కేదానికి ఇచ్చేస్తుంది. అయినా కొంత వేడి పోతూనే ఉంటుంది. ఒక కాలు మడిచి ఈకల్లో దాచుకుంటే ఆ నష్టం ఇంకా తగ్గుతుంది. చలికాలం పొద్దున మన వాకిట్లో కోడి చేసేదీ ఇదే.

మన నెల్లూరు వైపు పులికాట్ సరస్సుకు చలికాలంలో వచ్చే ఫ్లెమింగోలు ఈ నిలుపుకు పేరుపడ్డ పక్షులు. అమెరికాలో ఫిలడెల్ఫియా జూలో ఇద్దరు పరిశోధకులు వీటిని గమనించి 2010లో ఫలితాలు ప్రకటించారు. గట్టు మీదకంటే నీళ్లలో ఉన్నప్పుడే ఇవి ఎక్కువగా ఒంటికాలి మీద నిలబడ్డాయి. ఎండ వేడి పెరిగేకొద్దీ అలా నిలబడేవి తగ్గాయి. అంటే పరిస్థితి మారితే కాలు కిందికి దిగుతోంది.

2017లో అట్లాంటాలో ఇంకో సంగతి తేలింది. చనిపోయిన ఫ్లెమింగోను ఒక కాలి మీద సరైన వంపులో నిలబెడితే కండరాల పని ఏమీ లేకుండానే ఒళ్లంతా ఆ కాలి మీద ఆగింది. బతికున్న పక్షులు కూడా నిద్రలోకి జారినప్పుడు ఊగడం తగ్గి మరింత నిలకడగా ఉన్నాయి. అంటే మనకు కష్టంగా కనిపించేది దానికి విశ్రాంతి. మనం మన మోకాలిని తలుచుకుని "అబ్బా, ఎంత తపస్సు!" అనుకుంటాం. పైగా మనకు మోకాలుగా కనబడేది దాని చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో ఉంటుంది.

ఇక చేప కోసం వేషం సంగతి. వేట వేళ కొంగ ఎక్కువగా రెండు కాళ్ల మీదే మెల్లగా అడుగులేస్తుంది. ఒంటికాలి మీద ఉండేది మామూలుగా విశ్రాంతి వేళ. కాబట్టి రుషీ లేడు, దొంగా లేడు. అలాగని కొంగ మధ్యేమార్గం పాటిస్తోందని మనమూ మొదలుపెట్టొద్దు. అది పక్షి. చలికి కాలు ముడుచుకుంది, అంతే.

ఇప్పుడు మనిషి దగ్గరకు వద్దాం. మహాబలిపురంలో పల్లవుల కాలపు పెద్ద బండ శిల్పం ఉంది. అందులో బక్కచిక్కిన తాపసి చేతులు పైకెత్తి ఒంటికాలి మీద నిలబడి ఉంటాడు. ఈ దేశంలో ఒళ్లు హింసించుకుంటే గొప్పతనం వస్తుందన్న నమ్మకం చాలా పాతది. ఆ తపస్సు కూడా అందరిదీ కాదు. తపస్సు చేసినందుకే శంబూకుడి తల నరికిన కథ రామాయణంలో ఉంది. బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో దాన్ని మనకు గుర్తు చేశారు. అయితే మనకు కావలసింది ఆ ఒంటికాలి తపస్సు మీద హక్కు కాదు. సిద్ధార్థుడు ఆరేళ్లు ఒళ్లు మాడ్చుకుని చూసి, దాంట్లో ఏమీ లేదని వదిలేశాడు.

మజ్ఝిమ నికాయంలో కుక్కురవతిక సుత్తం ఉంది. కోలియుల దేశంలో ఇద్దరు వ్రతధారులు తథాగతుడి దగ్గరకు వచ్చారు. పుణ్ణుడిది ఆవు వ్రతం, సేనియుడిది కుక్క వ్రతం. సేనియుడు నేల మీద పడేసిన కూడే తినేవాడు. ఈ వ్రతం వల్ల అతనికి ఏం దక్కుతుందని పుణ్ణుడు అడిగాడు. తథాగతుడు రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి చెప్పాడు: కుక్క వ్రతం నిండా పట్టినవాడు కుక్కల్లో చేరతాడు గానీ దేవుడు కాడు. సేనియుడు ఏడ్చాడు. ఆ తర్వాత జరిగింది మనం మరిచిపోకూడదు. ఏ కర్మకు ఏ ఫలమో తథాగతుడు వాళ్లకు విడమరిచి చెప్పాడు. సేనియుడు సంఘంలో చేరి అర్హతుడయ్యాడు. "వీడి బుద్ధే కుక్క బుద్ధి" అని తథాగతుడు అనలేదు. తప్పుడు నమ్మకం వల్ల అలా బతుకుతున్నాడు, అది పోతే మారతాడని చూశాడు.

మనల్ని లోకం ఇలా చూసిందా? దొర వాకిట్లో మన తాతలు చెప్పులు చేత్తో పట్టుకుని వంగి నిలబడితే "అణకువ గల జాతి" అన్నారు. ఎదురు మాట్లాడితే "పొగరు" అన్నారు. కొంగను రుషి అన్నట్టు, దొంగ అన్నట్టు. ఎందుకు వంగారని ఎవరడిగారు? భూమి దొరది, కూలి దొరది, దెబ్బలూ దొరవే. ఆ వంగడానికి కారణం భయం. దాన్ని పుట్టుక గుణం చేశారు, అదీ చాలక పూర్వజన్మ ఫలం చేశారు. 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ ఈ పూర్వకర్మ సిద్ధాంతాన్ని సూటిగా పట్టుకున్నారు. పేదవాడి దుస్థితికి సమాజం బాధ్యత తప్పించుకోవడానికే అది పనికొస్తుందన్నారు.

మహాడ్‌లో చవదార్ చెరువు ఉంది. ఆ నీళ్లు అందరికీ తెరవాలని 1924లో అక్కడి మున్సిపాలిటీ తీర్మానం చేసినా మనవాళ్లు గట్టుకు దూరంగానే నిలబడ్డారు. కాగితం మారింది గానీ భయం పోలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ముందు నడిచారు, వేలమంది కలిసి వెనక నడిచారు. నీళ్లు తాగారు. దూరంగా నిలబడటం వాళ్ల స్వభావమే అయితే ఆ రోజు అడుగు ఎలా పడింది? ఒంటరితనం పోయింది, ధైర్యం వచ్చింది, కాలు కదిలింది.

ధమ్మంలో పటిచ్చ సముప్పాదం అంటే పెద్ద మాటలా వినిపిస్తుంది. ప్రతిదీ కొన్ని కారణాల వల్ల పుడుతుంది, ఆ కారణాలు పోతే అదీ పోతుందని దాని అర్థం. చదువులో వెనకబడ్డ పిల్లను "మొద్దు" అనే ముందు రాత్రి ఇంట్లో దీపం ఉందా, కడుపు నిండిందా అని అడగడమే దాన్ని పాటించడం. తాగే తమ్ముణ్ణి "వాడి బతుకింతే" అని వదిలేయకుండా కారణం వెతకడం కూడా అదే. కారణం దొరికాక తప్పు తప్పు కాకుండా పోదు. కానీ సరిచేయడానికి చేతికొక పట్టు దొరుకుతుంది. "వాళ్లింతే" అన్నచోట ఆ పట్టే దొరకదు.

మనలో మనం కూడా ఈ మాట అనుకుంటాం. పక్క ఉపకులం వాళ్లను చూసి "వాళ్లింతే" అంటాం. ఆడవాళ్లను చూసి "వీళ్ల బుద్ధే అంత" అంటాం. దీక్ష తీసుకున్న నోటితో ఆ మాట అనకూడదు.

కాబట్టి ఈసారి పిల్లలు కొంగను చూపించి అడిగితే తపస్సు అని చెప్పకండి. చలిగా ఉందేమో, విశ్రాంతి తీసుకుంటోందేమో అనండి. ఎండెక్కాక మళ్లీ వెళ్లి, కాలు దించిందో లేదో వాళ్లనే చూసి చెప్పమనండి.

నమో బుద్ధాయ.