స్టేడియంలో ప్రార్థనాగీతం

కార్డిఫ్‌లోని ప్రిన్సిపాలిటీ స్టేడియంలో తొలిసారి రగ్బీ చూడబోయేవారు ముందుగా తెలుసుకోవలసినవి చాలావరకు మామూలు సంగతులే. స్టేడియం ఊరి నడిబొడ్డున, టాఫ్ నది ఒడ్డున ఉంది. సెంట్రల్ రైల్వే స్టేషన్ నుంచి కొద్ది నిమిషాల నడక. మ్యాచ్ రోజున చుట్టుపక్కల వీధుల్లోకి వాహనాలను రానివ్వరు గనక రైలే మేలు. ఆట అయ్యాక స్టేషన్ బయట జనం పెద్ద క్యూలు కడతారు గనక తిరుగు ప్రయాణానికి కాస్త ఆలస్యపు రైలు చూసుకోవాలి. పెద్ద బ్యాగులు లోపలికి పంపరు. పై అంతస్తు మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి ఎక్కలేనివారు కింది అంతస్తు టికెట్టే తీసుకోవాలి. 1999లో తెరిచిన ఈ స్టేడియంలో దాదాపు 74 వేల మంది పడతారు. ఫుట్‌బాల్‌లో లాగా రెండు జట్ల అభిమానులను వేరువేరుగా కూర్చోబెట్టరు. కొత్తగా వెళ్లినవారి పక్క సీట్లో ఎవరైనా ఉండవచ్చు.

ఈ ఏర్పాట్లన్నీ ఒక సాయంత్రంలో తేలిపోతాయి. తేలనిది పాట సంగతి. ఆట మొదలవకముందే గాయక బృందాలు మైదానంలో నిలబడి పాడతాయి, గ్యాలరీలు అందుకుంటాయి. ఆ పాటల్లో ముఖ్యమైనవి చర్చి కీర్తనలు, అంటే దేవుణ్ణి ఉద్దేశించిన ప్రార్థనలు. ఆ దేవుడి మీద నమ్మకం లేనివారు, లేదా వేరే మతానికి చెందినవారు, ఆ వేల మందితో గొంతు కలపవచ్చా? కలిపితే అది ప్రార్థనా, మర్యాదా, నటనా? పాట మొదలయ్యాక ఆలోచించే వ్యవధి ఉండదు గనక ఇది కూడా ప్రయాణానికి ముందే తేల్చుకోవలసిన విషయం.

ఈ కీర్తనలు స్టేడియంలోకి వచ్చిన దారి విచిత్రమైనది. 1904లో లఖర్ అనే చిన్న ఊరిలో ఎవాన్ రాబర్ట్స్ అనే యువకుడి ప్రార్థనా కూటాలతో ఊపందుకున్న ఉజ్జీవం, అంటే క్రైస్తవ భక్తి పునరుద్ధరణ ఉద్యమం, కొద్ది నెలల్లోనే వేల్స్ అంతటా పాకింది. బొగ్గు గనుల లోయల్లో మనుషులు రాత్రంతా చాపెళ్లలో, అంటే ప్రొటెస్టెంట్ ప్రార్థనా మందిరాల్లో, పాడుతూ గడిపారు. ఆ ఊపు మన దేశంలోని ఖాసీ కొండల దాకా వచ్చింది, ఎందుకంటే అక్కడ పనిచేస్తున్న మిషనరీలు వేల్స్ వారే. ఉజ్జీవంలో మారుమనస్సు పొందిన వారు చాలామంది రగ్బీని తాగుడుతో, జూదంతో జతకట్టి చూశారు. ఆటగాళ్లు ఆట మానేశారు, కొన్ని క్లబ్బులు మూతపడ్డాయి. అలా రగ్బీని పాపమని వదిలించుకున్న ఆ చాపెళ్ల పాటలే తర్వాతి తరాల్లో రగ్బీకి ఊపిరి అయ్యాయి. పాడేది అదే జనం, పాడడం వారికి నేర్పింది చాపెల్. నాలుగు స్వరభాగాలుగా విడిపోయి కీర్తనలు పాడే కూటాలకు వెళ్లి అలవాటైన గొంతులు శనివారం మధ్యాహ్నం మైదానం పక్కన నిలబడినప్పుడు మరో రకంగా ఎలా పాడతాయి?

1905 డిసెంబర్ 16న కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్‌లో న్యూజిలాండ్ జట్టు ఆటకు ముందు హాకా అనే మావోరీ నృత్యం చేసింది. వేల్స్ ఆటగాళ్లు ముందే అనుకున్నట్టు తమ జాతీయ గీతం ఎత్తుకోగా ప్రేక్షకులు కలిశారు. ఆ మ్యాచ్ వేల్స్ 3-0తో గెలిచింది. దాదాపు ఆ మైదానం ఉన్న చోటే నేటి స్టేడియం ఉంది. రెండేళ్లకు, 1907లో, పొంటిప్రిద్ దగ్గర ఒక చాపెల్ కోసం జాన్ హ్యూస్ అనే రైల్వే ఉద్యోగి కట్టిన బాణీ ‘కుమ్ రొంధా’ పేరుతో ప్రసిద్ధమైంది. దాని మాటలు అంతకు చాలా ముందువి, 18వ శతాబ్దపు కవి విలియం విలియమ్స్ రాసినవి. నిర్గమకాండపు కథ అందులో ఉంది. ఎడారిలో దారి తెలియని బాటసారి దేవుణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించమంటాడు, ఆకాశం నుంచి మన్నా కురిపించమంటాడు, చివరికి యొర్దాను నది, అంటే మరణం, దాటించమంటాడు. గ్యాలరీ సాధారణంగా అంత దూరం పోదు. ఆహారం అడిగే చోటునే ఆగి, దాన్నే మళ్లీ మళ్లీ ఎత్తుకుంటుంది.

నేటి వేల్స్‌లో ఆ చాపెళ్లు చాలా మూతపడ్డాయి. 2021 జనగణనలో 46.5 శాతం మంది తమకు మతం లేదన్నారు, క్రైస్తవులమన్నవారు 43.6 శాతం. అంటే నమ్మకం లేకుండా పాడేది బయటి నుంచి వచ్చిన అతిథి ఒక్కరే కాదు, పక్క సీటులోని స్థానికుడిదీ చాలాసార్లు అదే పరిస్థితి.

ఇలా పాడడం తప్పా అన్నదానికి చాపెల్ ఇచ్చే జవాబు కఠినమైనది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు ఆత్మతోనూ, మనసుతో అర్థం చేసుకునీ పాడతానంటాడు. అర్థం లేని నాద సుఖాన్ని ప్రొటెస్టెంట్ సంప్రదాయం అనుమానంగానే చూసింది. అంతకు చాలా ముందే క్రైస్తవ తత్త్వవేత్త అగస్టీన్ తన ‘కన్ఫెషన్స్’ పదో భాగంలో ఇదే బాధ చెప్పుకున్నాడు: పాడుతున్న విషయం కంటే పాట తీపి తనను ఎక్కువ కదిలించినప్పుడు పాపం చేసినట్టే అనిపిస్తుందని. అయినా చర్చిలో పాట ఉండాలనే వైపుకే మొగ్గాడు. ఈ లెక్కన భక్తిగల క్రైస్తవ ప్రేక్షకుడి చిక్కు నాస్తికుడి చిక్కు కంటే పెద్దది. చేతిలో బీరు గ్లాసుతో దేవుడి పేరు ఎత్తడం ఆ నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించడమే కదా. ఆదివారం మ్యాచ్‌లు కూడా ఉంటాయి గనక అలాంటివారు టికెట్ కొనేటప్పుడు రోజు కూడా చూసుకోవాలి. న్యూజిలాండ్ ఆటగాడు మైకేల్ జోన్స్ ఆదివారాలు ఆడనని పట్టుబట్టి ప్రపంచ కప్ మ్యాచ్‌లనే వదులుకున్నాడు.

భాగవతం ఆరో స్కంధం దీనికి పూర్తిగా ఎదురుగా నిలుస్తుంది. తెలుగులో ఆ స్కంధాన్ని రాసినది ఏర్చూరి సింగన. చావు భయంతో అజామిళుడు పిలిచింది నారాయణ అనే తన కొడుకును, దేవుణ్ణి కాదు. అయినా విష్ణుదూతలు వచ్చి యమభటులను ఆపారు. వారి వాదం ప్రకారం వేరొకరిని ఉద్దేశించి పలికినా, పరిహాసానికి పలికినా, పాటలో పూరకంగా పలికినా, నిర్లక్ష్యంగా పలికినా హరినామం పాపాన్ని హరిస్తుంది. పాటలో పూరకంగా అన్న మాట గ్యాలరీకి అచ్చంగా సరిపోతుంది. కానీ ఇది నామానికి ఉన్న శక్తి గురించిన సిద్ధాంతం, పలికేవారి నిజాయితీ గురించినది కాదు. పైగా ఈ ఉదార సంప్రదాయమే నామాపరాధాల జాబితా కూడా చేసింది. నామం కాపాడుతుందిలే అనే ధీమాతో పాపం చేయడం అందులో ఒకటి.

మూడో జవాబు సమాజశాస్త్రానిది. 1912లో ఎమీల్ దుర్ఖైమ్ చెప్పినదాన్ని బట్టి, జనం ఒకచోట చేరి ఒకే పని చేసినప్పుడు పుట్టే ఉద్వేగమే పవిత్రతకు మూలం, భక్తులు దాన్నే దేవుడిగా చూస్తారు. 74 వేల గొంతుల మధ్య నిలబడిన మనిషి ఒళ్లు ఎందుకు గగుర్పొడుస్తుందో ఈ సిద్ధాంతం బాగా చెబుతుంది. అయితే దీని ప్రకారం ఏ పాటైనా ఒకటే. ఆ చివరి మెట్టు దగ్గరే ఇది నిలవదు, నిలవదనడానికి సాక్ష్యం ఆ స్టేడియంలోనే దొరుకుతుంది.

వెల్ష్ గాయకుడు టామ్ జోన్స్ పాడిన ‘డిలైలా’ ఏళ్ల తరబడి అక్కడ మార్మోగింది. అసూయతో ఒక మగవాడు స్త్రీని పొడిచి చంపిన కథ అది. స్త్రీలపై హింసకు సంబంధించిన పాట గనక ఇకపై గాయక బృందాలు పాడకూడదని 2023లో వేల్స్ రగ్బీ యూనియన్ తేల్చింది. మాటలను ఎవరూ పట్టించుకోరు, బాణీ కోసమే పాడతారని అభిమానులు వాదించారు. ఇంగ్లండ్ అభిమానులు ట్వికెన్‌హామ్‌లో పాడే ‘స్వింగ్ లో, స్వీట్ చారియట్’ మీద కూడా 2020లో ఇలాంటి చర్చే నడిచింది. అది అమెరికాలో బానిసత్వం అనుభవించిన నల్లజాతివారి భక్తిగీతం. పాడేవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. హత్య పాటలో మాటలకు బరువుందని ఒప్పుకున్నవారు ప్రార్థన పాటలో మాటలకు బరువు లేదనలేరు. వేలమంది కలిసి పలికినంత మాత్రాన మాట అర్థం కరిగిపోదు.

అర్థం కరగదు గనక పాడేవారికి ఒక బాధ్యత ఉంటుంది. అయితే ఆ బాధ్యత నమ్మడం కాదు, తెలుసుకోవడం. ప్రార్థించడానికీ వెక్కిరించడానికీ మధ్య ఇంకొకరి ప్రార్థనకు గొంతు ఇవ్వడం అనే మూడో పని ఉంది. గని కార్మికులైన ముత్తాతలు ఏమి అడిగారో తెలిసి, ఆ అడగడాన్ని గౌరవించి పాడేవారు అబద్ధం ఆడడం లేదు. తమ సొంత విశ్వాసమని చెప్పుకోవడమూ లేదు. ఏమి పాడుతున్నారో తెలియకుండా బాణీకి ఊగేవారి విషయంలోనే అగస్టీన్ భయం నిజమవుతుంది. వేరే దేవుణ్ణి సంబోధించడానికే మనసు ఒప్పనివారికి మౌనం సరైన దారి. ఆ మౌనం అమర్యాద కాదు, లేచి నిలబడితే చాలు.

జాతీయ గీతంలో ఈ చిక్కు లేదు. అందులో పొగిడేది దేశాన్నీ భాషనూ. కాకపోతే అది పూర్తిగా వెల్ష్ భాషలో ఉంటుంది గనక పల్లవి ఒక్కటైనా ఉచ్చారణతో సహా ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్లాలి. కీర్తనల విషయంలో ‘కుమ్ రొంధా’ మొత్తం, ధనం వద్దు నిర్మలమైన హృదయం చాలని కోరే ‘కలోన్ లాన్’ మొత్తం, గ్యాలరీ వదిలేసే చరణాలతో సహా ఒకసారి చదువుకోవాలి. గాయక బృందాలు కిక్-ఆఫ్‌కు ముందే పాడేస్తాయి కాబట్టి సీటులోకి కనీసం అరగంట ముందు చేరుకోవాలి.